లాగే వైపు

ఆ లాండ్రీలో పనిచేసేవాళ్లందరికీ ఆమె వదినే. గేటు దగ్గర కాపలావాడికీ వదినే, బాయిలరు దగ్గర నిలబడే ముసలాయనకీ వదినే. వయసులో తనకంటే చాలా పెద్దదైన టీ ఆమె కూడా "వదినా, గ్లాసు పట్టు" అంటుంది. నిజానికి ఆ పిలుపు మీద హక్కున్నది ఒక్కతికే, ఆమె భర్త చెల్లెలికి. ఆ మరదలు పనిలో చేరిన రోజు నుంచీ రోలరు రొదని మించి పొద్దస్తమానం "వదినా, వదినా" అని అరుస్తుంటే, అదే అందరి నోళ్లకూ అంటుకుపోయింది. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ అవసరం పడలేదు.

పెద్ద హోటళ్ల దుప్పట్లూ ఆసుపత్రుల దుప్పట్లూ లారీల్లో వచ్చి పడేవి అక్కడ. ఉతికి పిండిన దుప్పట్లు ఒకదానిలో ఒకటి మెలేసుకుని, తడి ముద్దలుగా తొట్టిలోకి దిగుతాయి. వాటిని విడదీసి, కాలుతున్న రోలర్ల మధ్యకి ఎక్కించడం ఇద్దరి పని. కుడిపక్క నిలబడే మనిషి తొట్టిలోంచి దుప్పటిని లాగి, తలమీదికి చెయ్యెత్తి, ఒక్క విదిలింపు విదిలించాలి. ముడతలన్నీ ఆ ఒక్కదానికే విడిపోవాలి. గాలిలో తేలుతూ వచ్చిన అంచుని ఎడమపక్క మనిషి అందుకోవాలి. ఆ తర్వాత ఇద్దరూ అంచు బిగబట్టి రోలరు నోటికి అందించాలి. ఊపిరి తీసుకునేలోగా ఇంకో దుప్పటి. కుడిపక్కని లాగే వైపు అంటారు, ఎడమపక్కని పట్టే వైపు. లాగే వైపు మనిషి పొద్దు గూకేసరికి ఎన్నిసార్లు చెయ్యెత్తిందో ఎవరూ లెక్కపెట్టరు. అక్కడ లెక్క దుప్పట్లకి, చేతులకి కాదు.

వదిన లాగే వైపు, మరదలు పట్టే వైపు. వదిన విదిలిస్తే చెంప ఛెళ్లుమన్నట్టు చప్పుడొచ్చేది. కొత్తగా చేరిన ఆడవాళ్లని సూపర్‌వైజరు తీసుకొచ్చి ఆమె వెనక నిలబెట్టి, "అదిగో, అలా" అని చూపించేవాడు. మరదలు ఊరుకునే రకం కాదు. మా అన్నని కూడా ఇలాగే విదిలిస్తావా అని అడిగేది. మీ అన్నకి ముడతలు పోవాలంటే విదిలింపు చాలదు, రోలరు ఎక్కించాలని వదిన అనేది. పక్క రోలరు మీద ఉన్నవాళ్లు ఆ మాటలకి నవ్వి అంచు జారవిడుచుకుంటే, సూపర్‌వైజరు అక్కణ్నుంచే ఉరిమి చూసేవాడు.

వాళ్లిద్దరివీ ఒకే వరసలో పక్కపక్క గదులు. మొగుడు చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాక మరదలు అన్న పంచన చేరింది. అన్న ఒక గోదాములో వ్యాను తోలుతాడు, పగలంతా ఇంటిపట్టున ఉండడు. దాంతో ఈ ఇద్దరు ఆడవాళ్లూ పొద్దున్నే ఒకే బస్సెక్కి, ఒకే రోలరు దగ్గర నిలబడి, ఒకే క్యారేజీ విప్పుకుని, తిరిగి ఒకే బస్సులో కునికిపాట్లు పడుతూ ఇల్లు చేరేవాళ్లు. కట్టుకున్నవాడితో కన్నా దీనితోనే ఎక్కువ కాపురం చేశానని వదిన అంటుండేది. అందులో ఎగతాళి సగమే.

ఆ లాండ్రీలో నొప్పి అనే మాట ఎవరూ నోట రానివ్వరు. అన్నవాళ్లని సూపర్‌వైజరు తిట్టడు, కొట్టడు. పాపం అంటాడు, తేలిక పని ఇస్తానంటాడు. ఆ తేలిక పని మురికి గదిలో ఉంటుంది. ఆసుపత్రుల నుంచి వచ్చిన మూటలు విప్పి, నెత్తురు మరకలవి ఒకవైపు, వాంతి మరకలవి ఒకవైపు వేరుచేసే గది అది. కిటికీ ఉండదు. అక్కడికి వెళ్లినవాళ్లు మళ్లీ రోలరు దగ్గరికి తిరిగొచ్చింది లేదు. కొన్నాళ్లు దగ్గుకుంటూ గడిపి, ఇక మా వల్ల కాదని వాళ్లంతట వాళ్లే మానుకుంటారు. పని మానిపించామన్న మాట కంపెనీ మీదికి రాదు. అందుకే ఆడవాళ్లు తమలో తాము ఒక మాట అల్లుకున్నారు. భుజమో మోచెయ్యో పట్టేస్తే, చెయ్యి అలిగింది అంటారు. అలిగిన చేతిని జంటలోని రెండో మనిషి కాచుకోవాలి. సూపర్‌వైజరు అటు తిరిగితే చోట్లు మార్చుకుంటారు, ఇటు తిరిగితే ఎవరి చోటికి వాళ్లు వచ్చేస్తారు. చేరిన మొదటి వారంలోనే నేర్పే విద్య ఇది. దుప్పటి విదిలించడం ఆ తర్వాత.

వదిన చెయ్యి అలగడం తల దువ్వుకునేటప్పుడు బయటపడింది. దువ్వెన చెవి దాకా వెళ్లి ఆగిపోయింది. ఎంత పళ్లు బిగబట్టినా ఇంకాస్త పైకి లేవలేదు. గోడకి ఆనుకుని, తలనే దువ్వెన దగ్గరికి వంచి దువ్వుకుంటుంటే మరదలు గుమ్మంలోంచి చూసింది. వచ్చి దువ్వెన లాక్కుని జడ అల్లింది. ఆ రోజు రోలరు దగ్గర తనే వెళ్లి లాగే వైపు నిలబడింది. అది నా చోటు, జరుగు అని వదిన గుడ్లురిమింది. పెద్దదానివి, పట్టే వైపు నిలబడి సుఖపడు అంది మరదలు.

సుఖం అన్నమాటేగానీ, పక్కకి తిరిగి పడుకుంటే భుజంలో ఎవరో మేకు దిగ్గొట్టినట్టుండేది. నెలలు గడిచాయి. లాండ్రీలోనే ఒక మూల మందుల డబ్బా ఉంటుంది, అడిగినవాళ్లకి అడిగినన్ని నొప్పి బిళ్లలు ఇస్తారు. ఆ ఒక్క విషయంలో కంపెనీ చేతికి ఎముక లేదు. బిళ్ల వేసుకుని, పట్టే వైపు నిలబడి, ఎడమచేత్తో అంచు అందుకుంటూ వదిన నెట్టుకొచ్చింది. కుడిపక్క మరదలి చెయ్యి లేచి పడుతుంటే, తన అప్పు ఎవరో తీరుస్తున్నట్టు చూసేది.

అటువంటప్పుడు వచ్చింది ఆ యంత్రం.

ఊరికే రాలేదు. ఒక పెద్ద హోటలు వాళ్లు, మా దుప్పట్లు ఉతికేవాళ్లని ఎలా చూసుకుంటున్నారో చూపించండి అని అడిగారట. వెంటనే క్యాంటీను పక్కనున్న సామాన్ల గదికి సున్నం కొట్టించి, తెల్ల తెర కట్టి, బల్ల వేసి, దాని పక్కన ఈ యంత్రాన్ని పెట్టారు. తీగ చివర పిస్తోలు లాంటి పరికరం ఉంటుంది. షాక్‌వేవ్ అంటారన్నారు. షాకు అనే మాట వినగానే సగం మంది ఆడవాళ్లు వెనకడుగు వేశారు. ఇన్నాళ్లూ రోలరుతో కాల్చారు, ఇప్పుడు కరెంటు పెడతారా అని బాయిలరు ముసలాయన నవ్వాడు.

దాన్ని నడపడానికి ఒప్పందం మీద ఒక అమ్మాయిని తెచ్చారు. ఫిజియోథెరపీ చదివిన పిల్ల, మర్యాదస్తురాలు. ఆమెకి మిషన్ మేడమ్ అని పేరు పెట్టారు. ఇది కరెంటు కాదని ఆమె అందరికీ ఓపిగ్గా చెప్పింది. శబ్దాన్ని చిన్న చిన్న దెబ్బలుగా చేసి లోపలికి పంపుతుందట. పాతబడి మొండికేసిన నొప్పిని ఒళ్లు పట్టించుకోవడం మానేస్తుందట. అక్కడ ఈ దెబ్బలు పడితే మళ్లీ అటు చూసి బాగుచేసుకోవడం మొదలుపెడుతుందట. అందరికీ కుదురుతుందని చెప్పలేను, చాలామందికి మేలు చేసింది అని కూడా చెప్పింది. ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అయితే ఒళ్లు తనని తాను బాగుచేసుకోవాలంటే దానికి తీరిక కావాలి. యంత్రాన్ని కొన్నవాళ్లు ఆ తీరికని మాత్రం కొనలేదు. మధ్యాహ్నం అన్నాల విరామంలో వైద్యం, గంట కొట్టగానే మళ్లీ రోలరు. ఇదీ వాళ్ల ఏర్పాటు.

వదిన వెళ్లనంది. వెళ్తే చెయ్యి అలిగిందని బయటపడుతుంది. మరదలే వెంటపడింది. ఈ గది మురికి గది కాదు, కంపెనీ తనంతట తను పిలుస్తోంది, ఇప్పుడు కాకపోతే ఎప్పుడు అని పోరి పోరి ఒప్పించింది.

మిషన్ మేడమ్ ముందు ఎక్స్‌రే తీయించాలని పట్టుబట్టింది. భుజంలో, కండని ఎముకకి కట్టే తాడు లాంటి దాంట్లో సున్నం పేరుకుందని అందులో తేలింది. ఈ కబురు క్యాంటీనులో తెలిసేసరికి, మా ఇంటి గోడలు మాసిపోయాయి, వదినా ఓ పిడికెడు సున్నం ఇయ్యవా అని టీ ఆమె అడిగింది. నవ్వులాటగానే మొదలైంది ఆ వైద్యం.

బల్ల మీద పడుకోబెట్టి, చల్లటి జిగురు రాసి, వేళ్లతో భుజం నొక్కుతూ ఇక్కడ నొప్పా, ఇక్కడ నొప్పా అని ఆ అమ్మాయి అడిగింది. ప్రతిదానికీ వదిన ఫరవాలేదు అంటోంది. అసలు చోట నొక్కినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి, అప్పుడూ ఫరవాలేదనే అంది.

ఆ అమ్మాయి చెయ్యి తీసేసి, "ఈ మిషన్‌కి కళ్లు లేవమ్మా. మీరు నొప్పి అంటేనే నాకు చోటు దొరుకుతుంది. మీరు దాచుకుంటే నేను ఎక్కడ కొట్టను?" అంది.

వదిన తల తిప్పి తెర వైపు చూసింది. అవతల ఎవరి చెప్పులూ కనబడలేదు. అప్పుడు, గొంతు తగ్గించి, "నొప్పి" అంది. ఆ కప్పు కింద ఆమె ఆ మాట అనడం అదే మొదలు.

పిస్తోలు టకటకమని కొట్టింది. వడ్రంగిపిట్ట ఎముకని తొలుస్తున్నట్టుంది. అయ్యాక ఆ అమ్మాయి జాగ్రత్తలు చెప్పింది. రెండు రోజులు ఆ చెయ్యి తలమీదికి ఎత్తకూడదు, విదిలించకూడదు. నొప్పి బిళ్లలు మానెయ్యాలి. ఇంకోటి గట్టిగా చెప్పింది. కొట్టిన చోట కాసేపు మొద్దుబారినట్టై నొప్పి తెలియకుండా పోవచ్చు, అది చూసి తగ్గిపోయిందనుకోవద్దు. మీ పనేంటి అని అడిగింది. పట్టే వైపు అండీ, చెయ్యెత్తే పని లేదు అంది వదిన. నిజమే చెప్పింది. సూపర్‌వైజరు దగ్గరున్న లెక్కలో మాత్రం ఆమె ఇప్పటికీ లాగే వైపే. అంత మెళుకువ గల చేతిని పట్టే వైపు నిలబెట్టడానికి అతను ఎందుకు ఒప్పుకుంటాడు?

వారానికొకసారి చొప్పున ఆ బల్లెక్కింది. రెండోసారి అయ్యాక దువ్వెన చెవి దాటింది. భర్త చూసి, నీ చెయ్యి లేస్తోందే, ఇక నా వీపు జాగ్రత్త అన్నాడు. ఆ ఇంట్లో చాలాకాలానికి నవ్వు వినబడింది. రెండు రోజుల జాగ్రత్తా ఆమె పాటించింది. మరదలు లాగే వైపు ఉంది కాబట్టి పాటించగలిగింది.

మూడోసారికి ముందు, పొద్దున బస్సులో, వదిన ఒకటి గమనించింది. మరదలు ముందు సీటు కమ్మీని ఎడమచేత్తో పట్టుకుంది. కుడిచెయ్యి ఒళ్లో పెట్టిన క్యారేజీ మీద చచ్చినట్టు పడి ఉంది. బస్సు కుదిపినప్పుడల్లా కింది పెదవి పంటికింద నొక్కుకుంటోంది. ఎన్నాళ్ల నుంచే అని వదిన అడిగింది. ఏమీ లేదు, పట్టేసింది అంది మరదలు. అలిగిందా అంది వదిన. మరదలు కిటికీలోంచి బయటికి చూసింది.

ఆ మధ్యాహ్నం వైద్యం అయ్యాక బల్ల దిగి వదిన భుజం కదిపింది. నొప్పి లేదు. పైకెత్తింది, లేచింది. తలమీదికి వెళ్లింది. ఎన్ని నెలల తర్వాతో ఆ చెయ్యి తనదే అనిపించింది. ఆ అమ్మాయి మళ్లీ అదే జాగ్రత్త చెబుతోంది, ఇది కాసేపటి మొద్దుబారడం అని. వదిన తలూపింది. ఆమె చెవుల్లో ఆ మాట పడలేదని కాదు. కళ్లముందు బస్సు కమ్మీ పట్టుకున్న ఎడమచెయ్యి ఉంది. గంట కొట్టారు. నడవలో నాలుగడుగులు వేస్తే రోలరు.

అదే ఆ వైద్యం విరామంలోనూ రోలరు పక్కనా కాకుండా, ఇంటికెళ్లి పడుకునే దారిలో ఉండి ఉంటే ఏమయ్యేదో అని తర్వాత చాలాసార్లు అనుకుంది. నొప్పి కాపలాకుక్క లాంటిది. దాన్ని మత్తులో ఉంచి, గేటు తెరిచి, మనిషిని నేరుగా పనిలోకి నడిపించే ఏర్పాటు అది. దానికి సంక్షేమం అని పేరు.

మరదలు లాగే వైపు నిలబడి ఉంది. వదిన వెళ్లి భుజంతో తోసింది.

"జరుగు. ఇది నా చోటు."

"రెండు రోజులు వద్దందిగా ఆవిడ."

"నాకు నొప్పి లేదు. నీకుంది. నోరు మూసుకుని అంచు పట్టుకో."

మరదలు కదల్లేదు. అవతల సూపర్‌వైజరు ఇటే వస్తున్నాడు. లెక్క ప్రకారం ఎవరి చోట్లో వాళ్లుండాలి. మరదలు పక్కకి జరిగింది.

మొదటి దుప్పటికి చెంప ఛెళ్లుమన్న చప్పుడొచ్చింది. పక్క రోలరు వాళ్లు తలెత్తి చూసి నవ్వారు, వదిన వచ్చిందిరా అన్నారు. ఆమె ముఖం వెలిగిపోయింది. ఆ తర్వాత ఇంకొన్ని. అప్పుడు తొట్టిలో ఒక దుప్పటి మెలిపడి బిగుసుకుంది. బలంగా లాగింది. రానిదాన్ని వచ్చేలా లాగి, అదే ఊపులో పైకి విదిలించింది. లోపల తడి గుడ్డ చిరిగిన చప్పుడు. ఆమెకి ఒక్కతికే వినబడింది. నొప్పి అప్పుడు కూడా రాలేదు. చెయ్యి మాత్రం, మేకుకి తగిలించిన చొక్కా చెయ్యిలా, పక్కకి వేలాడిపోయింది. విడిచిన దుప్పటి వంకరగా రోలరులోకి వెళ్లి ఇరుక్కుని కమురు వాసన కొట్టింది. మరదలు తాడు లాగి రోలరు ఆపింది.

సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చాడు. ముందు దుప్పటిని చూశాడు.

ఆసుపత్రిలో స్కానింగు తీశారు. ఆ తాడు లాంటి స్నాయువు తెగిపోయిందన్నాడు అక్కడి డాక్టరు. ఒక్కరోజులో తెగింది కాదట, ఎప్పటినుంచో పీచులు పీచులుగా చిరుగుతోందట. ఎక్స్‌రేలో సున్నం కనబడుతుందిగానీ చిరుగు కనబడదట. ముందే స్కానింగు తీయించి ఉండాల్సిందన్నాడు. ఆపరేషను చేస్తే కుట్టుకోవచ్చు, కానీ విదిలించే పనికి ఇక ఈ చెయ్యి రాదన్నాడు. చివరి మాట అతను తేలిగ్గానే అన్నాడు. లాగే వైపు అంటే ఏమిటో అతనికి తెలియదు కదా.

వారం తిరక్కుండా కంపెనీ మేనేజరు పిలిపించాడు. ఆపరేషను సంగతి అడగాలని భర్త కూడా వెళ్లాడుగానీ అతన్ని గేటు దగ్గరే ఆపేశారు. లోపల సూపర్‌వైజరున్నాడు, ఒక మూల మిషన్ మేడమ్ తల వంచుకుని నిలబడి ఉంది. మేనేజరు కుర్చీ చూపించాడు, మంచినీళ్లు ఇప్పించాడు, మీరు అంటూ మాట్లాడాడు.

"మీరేమో మేడమ్‌కి పట్టే వైపు అని చెప్పారు. మా దగ్గర లాగే వైపు అని ఉంది. అబద్ధం ఎవరికి చెప్పారమ్మా, మాకా, ఆవిడకా?"

నిజం చెప్పాలంటే చోట్లు మారిన సంగతి చెప్పాలి. ఇన్ని నెలలు లాగింది మరదలని చెప్పాలి. దాని చెయ్యి కూడా అలిగిందని చెప్పాలి. అంటే రేపు పొద్దున్నే మురికి గది. నిజం వదిన నాలుక చివరి దాకా వచ్చి, అక్కడ మరదలు కనబడి, ఆగిపోయింది.

అప్పుడు మేనేజరే దారి చూపించాడు. ఇంట్లో ఏమైనా బరువు ఎత్తారా అని ఎంతో దయగా అడిగాడు.

"బీరువా జరిపాను" అంది వదిన.

సూపర్‌వైజరు ఊపిరి వదలడం వినబడింది. మిషన్ మేడమ్ తలెత్తి చూసింది, ఏదో అనబోయి మానుకుంది. ఇంట్లో జరిగినదానికి కంపెనీ బాధ్యత ఉండదు కాబట్టి ఆపరేషను మాట ఎత్తే పని లేకుండా పోయింది. మానవత్వంతో మురికి గదిలో పని ఇస్తామన్నారు. ఆలోచించుకుంటానని చెప్పి వచ్చేసింది. ఇంటికొచ్చాక భర్త పిచ్చెక్కినట్టు అరిచాడు. ఎందుకన్నావు ఆ మాట, ఎవరడిగారు నిన్ను అని. ఆమె లేచి తలుపు దగ్గరికి వేసింది. అసలు కారణం చెబితే, అది అతని అరుపులోనే గోడ అవతలున్న మరదలికి వినబడుతుంది.

లాగే వైపు మరదలు ఇప్పుడు అందరికీ తెలిసే నిలబడింది. పట్టే వైపు ఎవరో కొత్తామె. మరదలు పొద్దున్నే వచ్చి వదినకి జడ అల్లి, బస్సుకి పరిగెత్తేది. అల్లేటప్పుడు ఆమె మధ్యలో ఆగి చెయ్యి దించుకోవడం వదినకి తెలిసేది. మిషన్ దగ్గరికి మాత్రం వెళ్లకే అని చెప్పింది. వెళ్తే రెండు రోజులు కూర్చోవాలి, వాళ్లు కూర్చోనివ్వరు అంది. మరదలు ఊఁ కొట్టింది.

ఒకరోజు మధ్యాహ్నం, అన్నాల వేళ దాటి కాస్తయింది, గుమ్మం ముందు చెప్పుల చప్పుడైంది. ఆ వేళకి ఆ వరసలో ఎవరూ ఇంటికి రారు. వదిన లేచి చూసింది. మరదలు చెంబెడు నీళ్లు గడగడ తాగి, గోడకి ఆనుకుని కూర్చుంది. జరిగిందంతా ఆగి ఆగి చెప్పింది.

చెయ్యి ఇక లేవని పరిస్థితి వచ్చి, బల్ల ఎక్కింది. ఆ అమ్మాయి ఏ వైపు పని అని అడిగింది. తెర పక్కనే సూపర్‌వైజరు చెప్పులు కనబడుతున్నాయి. లాగే వైపు, ఎన్నో నెలల నుంచి నేనే, మా వదిన చెయ్యి పాడైనప్పటి నుంచి నేనే అని గట్టిగా చెప్పింది. సూపర్‌వైజరు తెర తీసుకుని లోపలికొచ్చాడు. ఆ అమ్మాయి పని ఆపలేదు. టకటకా అయిపోయాక, అతని వైపు తిరిగి, ఈమె రెండు రోజులు ఆ చెయ్యెత్తకూడదు, ఇంకొకరి భుజం తెగితే నేను మాట్లాడకుండా ఉండనని ముఖం మీదే అంది. ఆవిడ రేపటి నుంచి ఉంటుందో ఉండదో. మరదలు వెళ్లి రోలరు పక్కన బల్ల మీద కూర్చుంది. మురికి గదికి వెళ్లమన్నాడు. వెళ్లలేదు. లేవమన్నాడు. లేవలేదు. మేనేజరు వచ్చాడు.

"బీరువా జరిపి చెయ్యి పోగొట్టుకున్న కుటుంబం మీదేనా అన్నాడు. మా ఇంట్లో బీరువానే లేదండీ, వచ్చి చూసుకోండి అన్నాను."

వదిన కళ్లు ఆ గది చుట్టూ తిరిగాయి. మేకులకి వేలాడే బట్టలు, అట్టపెట్టె, మడత మంచం.

"రేపట్నుంచి రావద్దన్నారా?"

"అన్నారు."

"నీతోపాటు ఇంకెవరైనా కూర్చున్నారా?"

"లేదు. చూశారు." చెంబు పక్కన పెట్టి, "నేను లేచి వచ్చేదాకా ఎవరూ తొట్టిలో చెయ్యి పెట్టలేదు. రోలరు ఖాళీగా తిరిగింది" అంది.

నీకోసం నోరు కట్టుకున్నానే, ఎందుకు విప్పావు అని వదిన అడగాలనుకుంది. అడిగితే అది ఏమంటుందో ఆమెకి తెలుసు. మాట మార్చడానికి, మబ్బు పట్టింది, బయట దుప్పటి తీసుకొద్దాం అని లేచింది.

వరస గదుల వెనక తీగ మీద వాళ్ల పాత దుప్పటి ఒక్కటే ఉంది. ఇద్దరూ గబగబా నడిచి, ఇద్దరూ కుడివైపు కొసకే చెయ్యి చాపారు. ఇద్దరి చేతులూ తగులుకున్నాయి. వదిన ఎడమచెయ్యి, మరదలి ఎడమచెయ్యి. ఒక్క క్షణం ఎవరూ వదల్లేదు. పట్టే వైపు ఖాళీగా ఉండిపోయింది. చినుకులు మొదలయ్యాయి.

దులపకుండానే, ముద్దగా చుట్టి, లోపలికి తెచ్చుకున్నారు.